డ్రిల్ బాక్స్ మీద లేని స్పెక్: మీ మణికట్టు

ఫోన్ బరువు ఎనిమిది గ్రాములు పెరిగితే మనం దాని మీద రెండు పేరాలు రాస్తాం. కెమెరా బంప్ వల్ల పైభాగం బరువెక్కి, పడుకుని రీల్స్ చూస్తుంటే మొహం మీద పడుతోందని కంప్లైంట్ కూడా చేస్తాం. అదే ఒకటిన్నర కిలోల పవర్ డ్రిల్ కొనేటప్పుడు చూసేవి మూడే: ఎన్ని వోల్టులు, ఎంత టార్క్, ఆఫర్‌లో ఎంత. నేనూ అలాగే కొన్నాను. ఆ తర్వాత పది రోజులు కుడి మణికట్టుకు క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని, ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని స్టాండప్ కాల్స్‌కి వచ్చాను.

జరిగింది చిన్న విషయమే. గోదావరిఖనిలో మా ఇంట్లో టీవీకి వాల్ మౌంట్ బిగిస్తున్నాను. 18 వోల్టుల కార్డ్‌లెస్ హామర్ డ్రిల్, కొత్తది. ఇటుక గోడలో రెండు హోల్స్ వెన్నలో దిగినట్టు దిగాయి. మూడోది పిల్లర్ మీద పడింది. రెండు అంగుళాలు లోపలికి వెళ్లాక బిట్ ఇనుప చువ్వకు తగిలి ఇరుక్కుంది. బిట్ ఆగింది, మోటార్ ఆగలేదు. ఏదో ఒకటి తిరగాలి కాబట్టి డ్రిల్ బాడీ తిరిగింది, దాంతో పాటు నా చెయ్యీ తిరిగింది.

అరుపు విని పక్కింటి కాక వచ్చాడు. బాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి, అందులో చాలా ఏళ్లు కోల్ డ్రిల్లరే. నా చెయ్యి చూడలేదు, ముందు డ్రిల్ చూశాడు.

"గీ పక్క పిడి ఏడ పెట్టినవ్ రా?"

"డబ్బాల ఉంది కాకా. చిన్న పనే కదా అని..."

"మరి డబ్బానే పట్టుకుంటదా మెషీన్‌ను?"

ఆ పిడి, అంటే సైడ్ హ్యాండిల్, నిజంగానే ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా బాక్స్‌లో ఉంది. మీ డ్రిల్‌ది కూడా అక్కడే ఉండి ఉంటుంది, ఒకసారి చూడండి.

60 న్యూటన్ మీటర్లు అంటే మీ చేతికి ఎంత

ఆన్‌లైన్ లిస్టింగ్‌లో "60 ఎన్ఎం టార్క్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకుంటాం. కానీ న్యూటన్ మూడో సూత్రం ఇంటర్‌తోనే అయిపోలేదు. బిట్‌ను మోటార్ ఎంత బలంగా తిప్పుతుందో, బిట్ ఇరుక్కున్నప్పుడు డ్రిల్ బాడీని వెనక్కి అంతే బలంగా తిప్పుతుంది. దాన్ని ఆపాల్సింది మీ చెయ్యి.

లెక్క చూద్దాం. పిస్టల్ గ్రిప్ పట్టుకున్నప్పుడు మీ అరచేయి మధ్యభాగం బిట్ తిరిగే ఇరుసుకు దాదాపు 10 సెంటీమీటర్ల కింద ఉంటుంది అనుకోండి. 60ని 0.1తో భాగిస్తే 600 న్యూటన్లు. అంటే దాదాపు 61 కిలోల బరువును ఒక్కసారిగా, అదీ పక్కకి తిరిగిన మణికట్టుతో ఆపాలి. మంచి జిమ్ బాడీ ఉన్నవాళ్లకైనా ఇది కష్టమే, ఎందుకంటే అది వచ్చేది మీరు రెడీగా లేనప్పుడు. సైడ్ హ్యాండిల్ బిగించి, ఎడమ చెయ్యి ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే? ఆ చెయ్యి ఒక్కటే మొత్తం ఆపాల్సి వచ్చినా 300 న్యూటన్లు, అంటే దాదాపు 30 కిలోలు. రెండు చేతులూ పంచుకుంటే ఇంకా తక్కువ. మూడొందల గ్రాములు కూడా లేని ఒక ప్లాస్టిక్ పిడి చేసే పని ఇది.

ఇక్కడ చాలామంది (నాతో సహా) పొరబడే విషయం ఇంకొకటి ఉంది. చక్ వెనకాల 1, 2, 3 అని నంబర్లున్న రింగ్ ఉంటుంది కదా, అది క్లచ్. బిగుతు ఆ నంబర్ దాటితే టకటకమని జారిపోతుంది. అది ఉందిగా, కాపాడుతుందిలే అనుకుంటాం. కానీ ఆ క్లచ్ స్క్రూ మోడ్‌లో మాత్రమే పనిచేస్తుంది. డ్రిల్ గుర్తు మీద, సుత్తి గుర్తు మీద పెట్టినప్పుడు మామూలు డ్రిల్స్‌లో అది లాక్ అయిపోతుంది. ప్రమాదం ఎక్కువ ఉన్న మోడ్‌లోనే రక్షణ లేనట్టు.

దీనికి ఎలక్ట్రానిక్ పరిష్కారం వచ్చింది. మన ఫోన్‌లో స్క్రీన్ తిప్పే జైరో, యాక్సిలరోమీటర్ లాంటి సెన్సారే డ్రిల్‌లో కూడా పెడతారు. బాడీ అకస్మాత్తుగా తిరగడం మొదలవగానే మోటార్ ఆగిపోతుంది. బాష్ దాన్ని కిక్‌బ్యాక్ కంట్రోల్ అంటుంది, హిల్టీ యాక్టివ్ టార్క్ కంట్రోల్ అంటుంది. మన బడ్జెట్ మోడల్స్‌లో సాధారణంగా కనిపించదు. చవకరకం ఫిట్‌నెస్ బ్యాండ్‌లో కూడా మోషన్ సెన్సార్ ఉన్న రోజుల్లో, చెయ్యి విరగ్గొట్టగల మెషీన్‌లో లేకపోవడం నాకైతే అర్థం కాలేదు.

బరువు తగ్గించలేని చోట

బ్యాండేజ్ కట్టుకుని కూర్చున్న సాయంత్రాలు కాకతో బాయి డ్రిల్ గురించే మాటలు. నాకు అప్పటిదాకా తెలియని విషయం ఏంటంటే, ప్రపంచంలో ఎలక్ట్రిక్ డ్రిల్‌కు మొదటి పేటెంట్ 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ తీసుకున్నారు. వాళ్ల మనసులో ఉన్నది ఇంటి గోడ కాదు, బండ, బొగ్గు. అంటే ఈ గ్యాడ్జెట్ పుట్టిందే మా ఊరి పని కోసం.

భూగర్భ గనిలో పాత పద్ధతి ఇలా ఉంటుంది. బొగ్గు ఫేస్‌లో వరుసగా మీటరు, మీటరున్నర లోతు హోల్స్ వేస్తారు. షాట్‌ఫైరర్ వాటిలో మందు పెట్టి పేలుస్తాడు. రాలిన బొగ్గును ఒకప్పుడు ఫిల్లర్లు తట్టలతో ఎత్తేవాళ్లు, తర్వాత ఎస్‌డీఎల్ మెషీన్లు వచ్చాయి. ఆ హోల్స్ వేసేదే కోల్ డ్రిల్. ముందు పొడవాటి మెలికల రాడ్డు, దాని చివర కార్బైడ్ ముక్కలున్న బిట్. మెలికల వెంబడి బొగ్గు పొడి దానంతటదే బయటికి వస్తుంది.

ఈ మెషీన్ పది కిలోలకు పైనే ఉంటుంది. తేలిక చేయడం చేతకాక కాదు. గనిలో మీథేన్ ఉండొచ్చు, కాబట్టి మోటార్, స్విచ్ అన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బాలో ఉండాలి. ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే లోపల మంట పుట్టదని కాదు. లోపలికి గ్యాస్ చేరి పేలినా ఆ పేలుడును డబ్బా తట్టుకోవాలి, అతుకుల సందుల గుండా బయటికొచ్చే వేడి వాయువు బయటి గ్యాస్‌ను అంటించలేనంత చల్లారిపోవాలి. దానికి మందపాటి గోడలు, వెడల్పాటి అతుకులు, బోలెడు బోల్టులు కావాలి. బరువు అక్కడే ఫిక్స్ అయిపోతుంది. డిజైనర్ చేతిలో మిగిలింది ఒక్కటే, మనిషి దాన్ని ఎక్కడ పట్టుకోవాలి అన్నది.

అందుకే కోల్ డ్రిల్‌కు పిస్టల్ గ్రిప్ ఉండదు. మోటార్‌కు అటొకటి ఇటొకటి రెండు పిడులు, రాడ్డు ఇరుసు సరిగ్గా మధ్యలో. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు. ఇరుక్కున్నప్పుడు మెషీన్ తిరగబోతే ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందకి బలం పడుతుంది, రెండింటికీ సమానంగా. పైన వేసిన లెక్కే ఇక్కడ వేయండి. పిడుల మధ్య 40 సెంటీమీటర్లుంటే అదే 60 న్యూటన్ మీటర్లకు ఒక్కో చేతికి 150 న్యూటన్లు, పదిహేను కిలోలు. మణికట్టు వంగదు, మోచేయి, భుజం తీసుకుంటాయి.

"బలం చేతులల్ల పెట్టొద్దు బిడ్డా," అన్నాడు కాక. "ఒక కాలు ముందట, ఒక కాలు ఎనుక. తొడ ఆనిచ్చి నెట్టాలె. చేతులు పట్టుకునేటందుకే." లేచి నిలబడి చూపించాడు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, చేతిలో ఏమీ లేకుండానే నిలబడ్డ తీరులో బరువు కనిపించింది.

స్విచ్ సంగతి ఇంకా బాగుంటుంది. గనిలో చేత్తో పట్టుకునే మెషీన్లకు కరెంటు 125 వోల్టులు దాటకూడదు. డ్రిల్ ప్యానెల్ అనే డబ్బా 550 వోల్టులను 125కు దించి ఇస్తుంది. డ్రిల్ మీద ఉన్న ట్రిగ్గర్ మోటార్‌కు నేరుగా కరెంటు ఇవ్వదు. అది ప్యానెల్‌కు చిన్న సిగ్నల్ పంపుతుంది, ప్యానెల్ కరెంటు వదులుతుంది. ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీస్తే మోటార్ ఒక్కటే కాదు, నేల మీద పరిచి ఉన్న కేబుల్ మొత్తం డెడ్. ఇప్పుడు మన ఇళ్లల్లో వాడే వైరున్న డ్రిల్స్ చూడండి, ట్రిగ్గర్ పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే వేలు తీసినా డ్రిల్ తిరుగుతూనే ఉంటుంది. కంఫర్ట్ ఫీచర్ అని మాన్యువల్‌లో రాస్తారు. బిట్ ఇరుక్కుని డ్రిల్ చేతి నుంచి జారిందంటే, అది తిరుగుతూ మీ మీదకొస్తుంది. స్టాండ్‌కు బిగించినప్పుడు తప్ప ఆ బటన్ ముట్టుకోకండి.

అడ్రియాల లాంగ్‌వాల్ లాంటి చోట షియరర్ మెషీనే బొగ్గును కోసుకుంటూ పోతుంది, ఫేస్‌లో చేత్తో హోల్స్ వేసే పనే లేదు. కాక నేర్చుకున్న నిలబడే తీరు ఆయన తోటివాళ్లతోనే పోతుందేమో అనిపించింది. కానీ డ్రిల్స్ పట్టుకునేవాళ్లు తగ్గలేదు కదా. బాయి నుంచి బజారుకొచ్చారంతే. ఏసీ ఫిట్టర్లు, ఫైబర్ నెట్ టెక్నీషియన్లు, వాటర్ ప్యూరిఫైయర్ బిగించేవాళ్లు, మాడ్యులర్ కిచెన్ కుర్రాళ్లు. వాళ్లకి ఎవరూ ఏ కాలు ముందు పెట్టాలో చెప్పలేదు.

పిస్టల్ ఎందుకు వచ్చింది

1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ మొదటిసారి చేత్తో పట్టుకోగల ఎలక్ట్రిక్ డ్రిల్ చేసింది. ఏడున్నర కిలోలు. అదీ రెండు చేతుల మెషీనే. 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్‌కు పిస్టల్ గ్రిప్, ట్రిగ్గర్ ఉన్న డ్రిల్ మీద పేటెంట్ వచ్చింది. కోల్ట్ తుపాకీ చూసి ఆ ఆకారం తట్టిందని చెబుతారు. ఒక చెయ్యి ఖాళీ అయ్యింది, దాంతో డ్రిల్ ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చింది. వందేళ్లయినా ఆకారం అదే. మంచి డిజైనే, కానీ అది చిన్న బిట్లకు, చెక్కకు, రేకుకు సరిపోయే డిజైన్. దాంతోనే కాంక్రీట్ పిల్లర్‌లోకి పోదామనుకున్నప్పుడు రెండో చెయ్యి మళ్లీ కావాలి.

గ్రిప్ లావు కూడా చాలా మారింది, దానికి కారణం బ్యాటరీ. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ మొదటి కార్డ్‌లెస్ డ్రిల్ తెచ్చింది, నికెల్ క్యాడ్మియం సెల్స్‌తో. తర్వాత చాలా ఏళ్లు బ్యాటరీని పిడి లోపలికి తోసేవాళ్లు, కాబట్టి పిడి సెల్ కన్నా సన్నగా ఉండే ఛాన్సే లేదు. 2005లో మిల్వాకీ లిథియం అయాన్ ప్యాక్‌తో వచ్చాక, ఇప్పుడు మనం చూసే 18 వోల్టుల డ్రిల్స్‌లో బ్యాటరీ కింద స్లైడ్ అవుతుంది. పిడి ఖాళీ, సన్నగా చేయొచ్చు. పైన మోటార్, కింద బ్యాటరీ, మధ్యలో చెయ్యి, తక్కెడ కాడను నడిమిలో పట్టుకున్నట్టు బ్యాలెన్స్ దొరుకుతుంది. చిన్న 12 వోల్టుల మోడల్స్‌లో మాత్రం చాలా వాటికి సెల్స్ ఇంకా పిడిలోనే ఉంటాయి. అందుకే డ్రిల్ చిన్నదైనా పిడి లావుగా తగులుతుంది.

(పనిలో పని: 18 వోల్ట్, 20 వోల్ట్ మ్యాక్స్ రెండూ ఒకటే. ఐదు సెల్స్ వరుసగా. ఒక్కోటి 3.6 అంటే 18, ఫుల్ ఛార్జ్‌లో 4 దాటుతుంది కాబట్టి 20. దీనికి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టకండి.)

మన చేతుల కొలతలు వేరు. అహ్మదాబాద్ ఎన్ఐడీ 1997లో దేబ్‌కుమార్ చక్రవర్తి తయారు చేసిన భారతీయుల శరీర కొలతల పుస్తకం ప్రచురించింది, డిజైన్ విద్యార్థులు ఇప్పటికీ తిరగేస్తారు. కానీ గ్లోబల్ బ్రాండ్ ఒకే అచ్చులో పోసిన పిడిని స్టుట్‌గార్ట్‌లోనూ, గోదావరిఖనిలోనూ అమ్ముతుంది. షాపులో పట్టుకుని చూసుకోవడం ఒక్కటే దారి. పిడి చుట్టూ చెయ్యి మూస్తే బొటనవేలు చూపుడు వేలి కొన మీదకు రావాలి. రాకపోతే ఆ పిడి మీకు లావు, ప్రతి నిమిషం ఎక్కువ గట్టిగా నొక్కి పట్టాల్సి వస్తుంది, సాయంత్రానికి ముంజేయి గుంజుతుంది. నేను లక్ష్మీనగర్‌లో ఒక షాపులో మా చెల్లి చేతికి ఆరు మోడల్స్ ఇచ్చి చూశాను. రెండే సరిపోయాయి.

బరువైనదే హాయి అంటే నమ్మరు

ఇప్పుడు అసలు ముఖ్యమైనది, వైబ్రేషన్. ఇది మణికట్టు మెలిక పడటం లాంటిది కాదు, ఆ రోజే తెలియదు. వేళ్లలో సన్నటి రక్తనాళాలు, నరాలు నెమ్మదిగా దెబ్బతింటాయి. చల్లగా తగిలితే వేళ్లు తెల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. 1918లోనే డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సున్నపురాయి క్వారీల్లో, గాలితో నడిచే సుత్తులు పట్టుకునే కార్మికుల చేతుల్లో దీన్ని గమనించి రాశారు. ముదిరితే పూర్తిగా వెనక్కి రాదు.

యూరప్‌లో 2002 నుంచి దీనికి లెక్క ఉంది. ఎనిమిది గంటల పనికి సగటున సెకను స్క్వేర్‌కు 2.5 మీటర్లు దాటితే కంపెనీ చర్యలు తీసుకోవాలి, 5 దాటితే పని ఆపాలి. ప్రతి మంచి బ్రాండ్ మాన్యువల్ వెనక పేజీల్లో, ఎవరూ చదవని చోట, వైబ్రేషన్ విలువ ఉంటుంది. మామూలు ఇంపాక్ట్ డ్రిల్ కాంక్రీట్‌లో 15 దగ్గర ఉంటే అదేమీ వింత కాదు. లెక్క వర్గాల్లో నడుస్తుంది. 2.5ను 15తో భాగించి, వర్గం చేసి, 8 గంటలతో గుణించండి. 13 నిమిషాలు. ట్రిగ్గర్ నొక్కి ఉన్న టైమ్ మొత్తం రోజుకి 13 నిమిషాలు దాటితే మొదటి గీత దాటేసినట్టే. 53 నిమిషాలకు రెండో గీత. నాకూ మీకూ 13 నిమిషాలు అంటే ఏడాది పని. ఏసీ ఫిట్టర్‌కు అది పొద్దున పూట.

ఇక్కడే తేలిక డ్రిల్ మోసం చేస్తుంది. ఇంపాక్ట్ డ్రిల్‌లో సుత్తి దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందంటే, పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి గీసుకుంటూ ఎగరడం నుంచి. మీరు ఎంత గట్టిగా నెడితే అంత కొడుతుంది. అంటే స్ప్రింగ్ మీరే, దెబ్బ గోడకెంతో మీకూ అంతే. రోటరీ హామర్‌లో అలా కాదు, లోపల పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి స్ట్రైకర్‌ను విసురుతుంది. నెట్టాల్సిన పని చాలా తక్కువ. 1975లో బాష్ తెచ్చిన ఎస్‌డీఎస్ బిట్లు చక్‌లో ముందుకీ వెనక్కీ కొంచెం ఆడతాయి కాబట్టి దెబ్బ బిట్‌కే పోతుంది, బాడీకి తక్కువ వస్తుంది. బరువు మాత్రం ఇంపాక్ట్ డ్రిల్ కన్నా కిలో ఎక్కువ ఉండొచ్చు. వైబ్రేషన్ 10 ఉన్న రోటరీ హామర్‌కు అదే లెక్క వేస్తే 13 నిమిషాల స్థానంలో అరగంట వస్తుంది. పైగా హోల్ త్వరగా పడుతుంది. మా పిల్లర్‌లో ఇంపాక్ట్ మోడ్‌తో నిమిషం పైన పట్టిన హోల్, అద్దెకు తెచ్చిన రోటరీ హామర్‌తో పావు నిమిషంలో అయిపోయింది. మకిటా ఏవీటీ, హిల్టీ ఏవీఆర్ లాంటి వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటున్న మోడల్స్ దీనికన్నా మెరుగు, ధర కూడా అలాగే ఉంటుంది.

కాబట్టి నా రికమండేషన్ ఇది. ఇంట్లో చెక్క, రేకు, ఇటుకకు 12 వోల్టుల చిన్న కార్డ్‌లెస్ చాలు, మీ చేతికి పిడి సరిపోతే. కాంక్రీట్ పని ఏడాదికి రెండుసార్లు అయితే రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోండి. రోజూ అదే పనైతే ఇంపాక్ట్ డ్రిల్ కొనకండి, అప్పు చేసైనా రోటరీ హామర్ కొనండి, మాన్యువల్‌లో వైబ్రేషన్ నంబర్ చూసి కొనండి. రబ్బర్ గ్రిప్ మెత్తగా ఉందని మురిసిపోకండి. అది జారకుండా ఉండటానికి, వైబ్రేషన్‌ను పెద్దగా ఆపదు, రామగుండం ఎండలకు కొన్నేళ్లలో జిగటెక్కుతుంది కూడా.

పోయిన వారం మా ఎదురింట్లో ఏసీ బిగించడానికి ఒక తమ్ముడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. నిచ్చెన మీద, ఒక చేత్తో మెషీన్, ఇంకో చేత్తో కిటికీ ఊచ. సైడ్ హ్యాండిల్ లేదు. అడిగితే, "అది ఎప్పుడో పోయింది అన్నా, సెకండ్ హ్యాండ్ మెషీన్" అన్నాడు. పోతే విడిగా దొరుకుతుందని అతనికి తెలియదు, నాకూ పది రోజుల కింద తెలియదు. చాలా బ్రాండ్లు చక్ వెనకాల మెడ భాగం 43 మిల్లీమీటర్ల వ్యాసంతో చేస్తాయి, కాబట్టి ఒకదాని పిడి ఇంకోదానికి చాలాసార్లు పడుతుంది. టేపుతో చుట్టూ కొలవండి, పదమూడున్నర సెంటీమీటర్లు వస్తే మీది 43. షాపులో "43 ఎంఎం సైడ్ హ్యాండిల్" అని అడగండి. కాక అయితే నిచ్చెన కూడా దింపించి, స్టూల్ వేయించి, ఏ కాలు ఎక్కడ పెట్టాలో చూపించి గానీ అతన్ని వదల్లేదు.